మైలుతుత్తం లాంటిదే

ఒకే ఒక్క మాటను ఇన్నేళ్లు మోశాను. పెద్ద మాట కూడా కాదు. "లాంటిదే." ఈ మాటను మనం ఎంత తేలిగ్గా వాడతామో ఎప్పుడైనా గమనించారా? ఇదీ కాఫీ లాంటిదేలే అంటాం, ఆయనా చుట్టం లాంటివాడేలే అంటాం. ఎవరికీ నష్టం ఉండదు. నేను ఒకసారి అన్నాను. దాని కింద ఒక మనిషి పడింది. లేచిందో లేదో మొన్నటిదాకా నాకు తెలియదు. అన్నీ తెలుసుకోవాలని తపించే నేను, అదొక్కటి మాత్రం తెలుసుకోకుండా జాగ్రత్తపడ్డాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పలేను.

మాది కనిగిరి. చిన్నప్పుడు మా అమ్మ నన్ను "ఎందుకమ్మా" అని పిలిచేది, పేరులాగా. పాలు పొంగుతాయి, నీళ్లు ఎందుకు పొంగవు? గోరింటాకు పచ్చగా ఉంటుంది, చెయ్యి ఎర్రగా ఎందుకు పండుతుంది? అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని కూడా అడిగేదాన్నట. ఆ పిచ్చితోనే కెమిస్ట్రీ చదివాను. ఆ పిచ్చితోనే ఉద్యోగం కూడా వచ్చింది. మార్టూరు దాటాక హైవే పక్కన గ్రానైటు పాలిషింగ్ యూనిట్లు వరసగా ఉంటాయి కదా, ఆ వరస చివర సర్క్యూట్ బోర్డులు చేసే చిన్న ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. టీవీ విప్పితే, ఇన్వర్టర్ విప్పితే లోపల పచ్చటి అట్ట కనిపిస్తుంది చూడండి, అదే. మొదట ఆ అట్ట నిండా రాగి పొర ఉంటుంది. కావలసిన గీతలు ఉంచి, మిగతా రాగిని మందు నీళ్లలో కరిగించేస్తారు. ఆ తర్వాత అట్టను కడుగుతారు. కడుగుతారు, మళ్లీ కడుగుతారు. కడిగిన నీళ్లన్నీ నా దగ్గరికి వచ్చేవి.

ఆ నీళ్లలో సున్నం కలిపి, రాగిని మడ్డిగా కిందికి దించి, పైన తేరిన నీటిని వెనక కాలవలోకి వదలడం నా పని. చెప్పుకోవడానికి గొప్ప పనేం కాదు. నాకు మాత్రం భలే ఇష్టంగా ఉండేది, ఎందుకంటే అందులో ఒక చిక్కుముడి ఉంది. కొన్ని రోజులు రాగి బుద్ధిగా దిగేది. కొన్ని రోజులు ఎంత సున్నం పోసినా దిగేది కాదు. నీళ్లు నీలంగానే ఉండేవి. అదీ మామూలు నీలం కాదు, చూస్తే ముద్దొచ్చే నీలం. అదే ట్యాంకు, అదే సున్నం, అదే నేను. మరి ఎందుకు? మేనేజరు గారిని అడిగితే, వానాకాలం కదమ్మా, కాలవలో పడి కలిసిపోతాయిలే, వదిలెయ్యి అన్నారు. వదిలేశాను. ఈ తప్పు కూడా నాదే. కానీ నేను చెప్పాలనుకున్నది ఇది కాదు, దీని తర్వాతది.

ఆ కాలవ ఫ్యాక్టరీ గోడ దాటి కోటయ్య బాబాయ్ పొలం గట్టు పక్కగా పోయేది. ఆయన నాకు చుట్టం కాదు, ఊళ్లో అందరూ బాబాయ్ అంటారు కాబట్టి నేనూ అన్నాను. మిరప రైతు. ఆ ఏడు గట్టు పక్కనే మడులు ఎత్తుగా కట్టి నారు పోశాడు. నారు మొలిచి, కాస్త తలెత్తి, కుళ్లు తెగులు పట్టింది. మొక్క మొదలు దగ్గర నీరు పట్టినట్టు మెత్తబడి, ఉన్నట్టుండి వాలిపోతుంది. మా ప్రాంతంలో దానికి మైలుతుత్తం సంగతి తెలియని రైతు ఉండడు. నీలం రంగు గడ్డలు. సున్నంతో కలిపి కొడితే తెగులు ఆగుతుంది. నీలంగా కనిపించింది ఏదైనా ఇక్కడ మందే అనుకుంటారు, తప్పు పట్టలేం. మందు అన్న మాట కూడా ఎంత విచిత్రమైందో. మనిషిని బతికించేదీ మందే, పురుగును చంపేదీ మందే, మా ఫ్యాక్టరీలో రాగిని కరిగించేదీ మందే.

ఒక రోజు గోడ దగ్గర నన్ను ఆపాడు.

"అమ్మాయ్, మీ కాలవ నీళ్లు నీలంగా ఉంటన్నయ్యేంది? మైలుతుత్తమేనా?"

అప్పుడు నా మనసులో ఏం జరిగిందో ఇప్పటికీ తవ్వి చూసుకుంటూనే ఉన్నాను. అందులో రాగి ఉందని తెలుసు. మైలుతుత్తంలోనూ రాగే ఉంటుందని తెలుసు. ఈ నీళ్లలో రాగి ఒక్కటే లేదని, అమ్మోనియా ఉందని, ఇంకా ఏమేం ఉన్నాయో నాకే పూర్తిగా తెలియదని కూడా తెలుసు. వద్దు బాబాయ్, అవి పొలానికి పనికిరావు అంటే అయిపోయేది. ఎందుకనలేదు? ఫ్యాక్టరీ పేరు పోతుందన్న భయమా? అది కొంచెం. ఎక్కువ మాత్రం అది కాదు. సిగ్గు విడిచి చెబుతున్నాను: ఏమవుతుందో చూడాలనిపించింది. నిజంగా అంతే. ఈ నీళ్లకు తెగులు ఆగుతుందా? ఆగితే ఎంత బాగుంటుంది, వృథా నీరు మందవుతుంది కదా!

"లాంటిదే బాబాయ్, మైలుతుత్తం లాంటిదే," అన్నాను.

అంతటితో ఆగానా? ఎన్ని నీళ్లు కలపాలో చెప్పాను. ఒక మడికే పోయండి, పక్క మడిని ఊరకే వదిలెయ్యండి అని కూడా చెప్పాను. ఆయనకది జాగ్రత్తలా వినిపించింది, చదువుకున్న పిల్ల ఎంత ఒద్దికగా చెప్పిందో అనుకున్నాడు. నాకు కావలసింది పోలిక. పోసిన మడి ఎలా ఉంటుంది, పోయని మడి ఎలా ఉంటుంది. ల్యాబులో రెండు పరీక్షనాళికలు పక్కపక్కన పెట్టుకున్నట్టు ఆయన మడుల్ని పెట్టుకున్నాను. ఆయన్ని అడగకుండా.

ఆ మడుల పని చూసేది మరియమ్మ. అది ఆమె అసలు పేరు కాదు, ముందు ముందు ఆమె రహస్యం ఒకటి మీకు చెప్పబోతున్నాను కాబట్టి ఆ మాత్రమైనా దాచాలి. ఊరి చివర చర్చి పక్క ఇల్లు. కూలి మనిషి, కానీ ఉత్త కూలి మనిషి కాదు. విత్తనం ఆమె చేత్తో చల్లితే చేనంతా మొలుస్తుందని పేరు. మంచి చెయ్యి అనేవాళ్లు. జూలై వచ్చిందంటే చుట్టుపక్కల ఊళ్ల రైతులు ఆమె కోసం బండి పంపేవాళ్లు. నారు పీకేదాకా ఆమెకు తీరిక ఉండేది కాదు. మనిషి గట్టిగా నవ్వేది. నన్ను చూసినప్పుడల్లా, "ఏమ్మా, ఇయ్యాల ఏం అడగతావ్?" అని ఆటపట్టించేది. కాలవలోంచి బిందెలతో ఆ నీళ్లు ముంచి మడికి పోసింది కూడా ఆమే.

మీరు నమ్మరు, తెగులు ఆగింది. పోసిన మడి నిలబడింది, పోయని మడి వాలిపోయింది. నేను పరుగెత్తుకుంటూ వెళ్లి చూశాను. గట్టు మీద చెప్పులు విడిచి, మడుల మధ్యకు దిగి, మొక్కలను ముట్టుకుని మురిసిపోయాను. అక్కడివాళ్లకు మిరప మడి అంటే పూజకు కట్టుకునే మడి లాంటిదే. చెప్పులతో దిగరు. నెలసరిలో ఉన్న ఆడవాళ్లు, బయట చేరారంటారు కదా, వాళ్లు అసలు దిగకూడదు. మైల తగిలి నారు మాడిపోతుందంటారు. నాకు ఆ రోజు నెలసరి. నన్నెవరూ అడగలేదు. మెడలో ఐడీ కార్డు వేలాడుతున్న మనిషిని అలాంటివి ఎవరడుగుతారు? నేనూ లోపల్లోపల నవ్వుకున్నాను, చూశారా, ఏమీ కాలేదుగా అని.

కోటయ్య బాబాయ్‌కి ధైర్యం వచ్చింది. మిగిలిన మడులన్నిటికీ అవే నీళ్లు పోయించాడు. నేను వద్దనలేదు. నీళ్లు పలచన చేయడం కూడా మానేశారని తర్వాత తెలిసింది.

కొన్నాళ్లకు ఆకుల అంచులు పసుపు తిరిగాయి. తర్వాత గోధుమరంగు. వేళ్లు చూస్తే పొట్టిగా, నల్లగా, కాలిన ఒత్తుల్లా ఉన్నాయి. మడి తర్వాత మడి పోయింది. నాటే అదను దగ్గరపడ్డాక చేతిలో నారు లేదంటే మిరప రైతుకు ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు. కబురు విని నేను వెళ్లాను. ఓదార్చడానికి కాదు. హ్యాండ్‌బ్యాగ్‌లో ఖాళీ సీసా పెట్టుకుని వెళ్లాను, మట్టి తెచ్చుకోవడానికి.

వెళ్లేసరికి గట్టు మీద జనం ఉన్నారు. నీళ్ల మీద ఎవరికీ అనుమానం లేదు, ఆ నీళ్లేగా మొదటి మడిని బతికించింది. మరి ఏది చంపింది? కోటయ్య బాబాయ్ వాళ్ల అమ్మ అప్పటికే తేల్చేసింది. మరియమ్మ బయట చేరి కూడా చెప్పకుండా మడిలోకి దిగి ఉంటుందట. వాళ్లకు అలాంటి పట్టింపులు ఉండవుగా అని ఇంకొకావిడ వంత పాడింది. మరియమ్మ మడుల అవతల నిలబడి ఉంది. నవ్వడం లేదు. ఆ మనిషిని నవ్వకుండా చూడడం నాకదే మొదటిసారి. చుట్టూ చూసి, నా దగ్గర ఆగింది ఆమె చూపు.

"నువ్వు సదువుకున్నదానివి గదా, నువ్వు చెప్పమ్మా. మైలకి నారు చస్తదా?"

అందరూ నా వైపు తిరిగారు. నా చెయ్యి బ్యాగులో ఉంది. వేళ్లకు సీసా తగులుతోంది. వచ్చీరాగానే చివరి మడిలోంచి నింపిన మట్టి, ఇంకా తడిగా ఉంది.

"ఏమో మరి," అన్నాను. "నేను నారుమడుల గురించి చదవలేదు."

ఇది అబద్ధం కాదు చూడండి! నేను నిజంగానే చదవలేదు. ఎంత పకడ్బందీగా నిజం చెప్పానో.

తిరిగి వెళ్లేటప్పుడు హైవే దాకా మరియమ్మ నాతో నడిచింది. నేను ఎదురుచూస్తున్నాను, తిడుతుందేమోనని. తిట్టి ఉంటే బహుశా చెప్పేసేదాన్ని. ఆమె గొంతు తగ్గించి వేరే మాట అంది.

"నీకో మాట చెప్తా, ఎవురితో అనబాక. నాకు గర్భసంచి తీసేసి ఏళ్లయింది. ఇంక మైల యాడి నుంచి వస్తదమ్మా?"

మరి అక్కడే చెప్పొచ్చు కదా అన్నాను.

"మగోళ్ల ముందర ఎట్టా చెప్పేది? ఆపరేషనైన మనిషని తెలిస్తే బరువు పనికి పిలవరు. నీ కడుపులోనే పెట్టుకో."

ఆ దారిని తలుచుకుంటే ఇప్పటికీ అరికాళ్లు మండుతాయి. ఆమె తన కడుపులో మాట తీసి నా చేతిలో పెట్టింది. నా మాట నా బ్యాగులోనే ఉంది. ఇవ్వలేదు. బస్సు వచ్చింది, ఎక్కాను. కిటికీలోంచి చెయ్యి కూడా ఊపాను.

ఇంకా ఉంది. దీనికంటే చెప్పుకోలేనిది.

మరుసటి రోజు ఆ మట్టిని ఆమ్లంలో నానబెట్టి, వడగట్టి, రాగి ఉందేమోనని పరీక్ష చేశాను. డిగ్రీలో అందరూ చేసేదే. నీళ్లలో కొంచెం అమ్మోనియా వేస్తే, రాగి ఉన్నట్టయితే ముదురు నీలం వస్తుంది. వచ్చింది. నారును చంపింది నేనే అని నా పరీక్షనాళిక చెప్పింది. దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూస్తున్నాను. ఈ నీలం నాకు తెలుసు. రోజూ చూసే నీలమే, సున్నానికి దిగని ఆ మొండి నీలమే. అమ్మోనియా వేస్తే వచ్చింది. అంటే అమ్మోనియానే! అందులో సున్నం వేశాను. దిగలేదు. మా ఫ్యాక్టరీలో రాగిని కరిగించే మందుల్లో ఒకదానిలో అమ్మోనియా ఉందని ఎప్పటినుంచో తెలుసు, దీనితో ముడిపెట్టి చూడలేదంతే. ఆ బోర్డులు కడిగిన నీళ్లు కలిసిన రోజున అమ్మోనియా రాగిని చంకనెత్తుకుంటుంది, కిందికి దిగనివ్వదు. ఇన్నాళ్ల నా చిక్కుముడి విడిపోయింది.

నాకు సంతోషం వేసింది. ఇదే నేను దాచింది. ఆ క్షణంలో మరియమ్మ నాకు గుర్తు లేదు. కోటయ్య బాబాయ్ గుర్తు లేడు. ఎగిరి గంతేశాను, ల్యాబులో ఒక్కదాన్నే. ఛీ, ఏం మనిషిని నేను? ఆవిడ బతుకు మడిలో మాడిపోయి ఉంది, నేను దాన్ని సీసాలో తెచ్చుకుని జవాబు రాబట్టుకుని నవ్వుతున్నాను.

మేనేజరు గారికి చెప్పాను, అమ్మోనియా నీళ్లకు వేరే పైపు వేయాలని. ఎలా తెలిసిందని అడిగితే, కుండీలో మొక్కకు ఆ నీళ్లు పోసి చూశానన్నాను. కుండీ! పైపు వేశారు. కాలవ తేటబడింది. కోటయ్య బాబాయ్‌తో మాత్రం, మా దగ్గర మందు మార్చారు, ఇక ఆ నీళ్లు పొలానికి పనికిరావని చెప్పాను. ఆయన అయ్యో అన్నాడు, మంచి నీళ్లు పోయాయే అని.

ఆ తర్వాత నా దారి నున్నగా సాగింది. నీళ్లను పాడుచేసి బాగుచేసే కంటే అసలు తక్కువ పాడుచేయడం మేలని పట్టుకున్నాను. బోర్డును పారే నీళ్లలో కడిగే బదులు వరసగా మూడు తొట్లు పెట్టించాను. బోర్డు ఇటు నుంచి అటు పోతుంది, నీళ్లు అటు నుంచి ఇటు వస్తాయి. చివరి తొట్టిలో శుభ్రమైన నీళ్లు, మొదటి తొట్టిలో చిక్కటి నీళ్లు. ఆ చిక్కటి నీళ్లు మళ్లీ మందులోకే. తర్వాత వేరే పెద్ద ఫ్యాక్టరీకి మారాను. అక్కడ కరెంటుతో రాగిని రేకుగా బయటికి లాగే యంత్రం పెట్టాం. రేకు లేత గులాబీ రంగులో వస్తుంది. మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు గోరువెచ్చగా ఉంది. మడ్డి దాదాపు పోయింది, నీళ్లు తిరిగి వాడుకుంటున్నాం. కాలేజీల్లో మాట్లాడమని పిలుస్తారు. చివర్లో ఎవరో ఒక పిల్ల లేచి అడుగుతుంది, మేడం, అమ్మోనియా సంగతి మీకు మొదట ఎలా తట్టింది అని. నేను కుండీ కథ చెబుతాను. చప్పట్లు కొడతారు.

ఒకసారి ఊరుకోలేక నిఘంటువు తీశాను. మైలుతుత్తంలో ఉన్నది మైలేనా అని. కాదు. మయిలు అంటే నెమలి, నెమలి కంఠం రంగు తుత్తమట, అందుకు ఆ పేరట. మైలకూ దానికీ ఏ చుట్టరికమూ లేదు. ఎంతసేపు నవ్వానో, తర్వాత ఎంతసేపు నవ్వలేకపోయానో. ఇలాంటివన్నీ వెతికాను. మరియమ్మ ఏమైందో మాత్రం వెతకలేదు.

మొన్న పనిమీద ఆ వైపు వెళ్లి, మార్టూరు బస్టాండులో నిలబడి ఉంటే వెనక నుంచి, "ఏమ్మా, ఇంకా అడగతానే ఉన్నావా?" అని వినిపించింది. ఆమే. జుట్టు తెల్లబడింది, దాని మీద రాతి పొడి ఇంకా తెల్లగా ఉంది. పాలిషింగ్ యూనిట్‌లో ఊడ్చే పని చేస్తోందట. నారుమడులకు పోవడం లేదా అన్నాను, తెలియనట్టు. ఆ యేటి నుంచి ఎవరూ పిలవలేదంది. మామూలుగానే అంది, పొద్దున టిఫిన్ ఏం తిన్నదో చెప్పినట్టు. తర్వాత, ఇంటి దగ్గర పాత రంగు బకెట్‌లో ఏటా కాసిన్ని మిరప గింజలు చల్లుతానంది. అలవాటు మానలేక అడిగాను, ఎందుకని.

"చూద్దామని."

"ఏం చూద్దామని?"

"నా చెయ్యి ఎట్టా ఉందోనని," అంది. "ఒక్కటీ చావలా ఇప్పటిదాకా. అయినా మళ్లా ఏడు వచ్చేసరికి అనుమానం వస్తది."

గర్భసంచి లేదని ఆమెకు తెలుసు. మైల రాదని ఆమెకు తెలుసు. అయినా ఇన్నేళ్లూ తన చేతిని తనే పరీక్ష చేసుకుంటోంది. బకెట్‌లో, ఒక్కతే, నా జవాబు కోసం. ఆ జవాబు నా దగ్గర ఉంది. ఆమె ఎదురుగా నిలబడి ఉన్నాను. ఆమె బస్సు వచ్చింది. ఎక్కింది. ఈసారి చెయ్యి ఊపింది ఆమె.

నేను మళ్లీ చెప్పలేదు.

ఇంటికి వచ్చి ఇది రాస్తున్నాను. రేపు వెళ్లి చెబుతానా అంటే మీకు మాట ఇవ్వలేను, నా మాటల సంగతి మీరు చూశారుగా. ఆమె ముఖం చూసి మళ్లీ ఏ "లాంటిదే" వెనకో దాక్కోనని నాకే నమ్మకం లేదు. కానీ కాగితం మీద మొదటిసారి ఈ మాటలు రాయబోతున్నాను. ఆ రోజు గట్టు మీద, అందరూ వింటుండగా, నేను అనవలసింది ఇదే. ఇంతే.

ఆ నారు నా నీళ్ల వల్ల చచ్చింది, మరియమ్మా. నీ చెయ్యి మంచిదే. మంచిది లాంటిది కాదు. మంచిదే.